గుర్రానికి ఏడు పైసలు

రాత్రి పదకొండున్నరకు వచ్చింది కరెంటు.
అప్పటికే రెండు ఆటలు పోయినాయి,
ఎత్తు తప్పి కాదు, గడియారం అయిపోయి.
ఆ టోర్నమెంటులో సాకులు రాసుకునే గడి లేదు.
సున్నా వేసి ముందుకు పోతారు.

ఆదోని. మార్చికే మండే ఎండ.
జిన్నింగు మిల్లు వెనకాల అద్దె గది.
కంప్యూటరు ఫ్యానులో ఈ పొద్దు కూడా దూది.
పాత పళ్లబ్రష్షుతో గీకి తీసి,
కిటికీకి తడి గోనెపట్ట కట్టి,
మూడో ఆటకు కూర్చోబెట్టినాను నా కాజాను.

కాజా, నేను రాసిన చదరంగం యంత్రం.
మిఠాయి పేరా అని అడుగుతారు.
కాదు. గుండీ దూరే కంత.

అవతల ఏదో మంచుదేశపు యంత్రం.
నాది సెకనుకు ఇరవై లక్షల దారులు తడిమితే
అది అంతకు యాభై రెట్లు తడుముతుంది.
ఇద్దరికీ చేతులు లేవు. దగ్గు లేదు.
ఎత్తు వేసినాక ఎదుటివాడి మొకం చూడడం లేదు.

బంటు విలువ రూపాయి అనుకోండి,
ఇక లెక్కంతా పైసల్లోనే.
ఏనుగు ఐదు రూపాయలు,
శకటు మూడూ ముప్పై,
గుర్రం మూడూ ఇరవై.
నా కాజాలో మాత్రం గుర్రానికి
ఇంకో ఏడు పైసలు.

ఆ ఏడూ హుసేనప్పవి.

ఎమ్మిగనూరు రోడ్డులో బంకు, కుట్టుమిషను.
గిరాకీ లేని మధ్యాహ్నాలు
మిషను పలక మీద అట్టముక్క పరిచేవాడు.
చొక్కా గుండీలు నాకు, కోటు గుండీలు తనకు,
గుర్రాలకు మాత్రం ప్యాంటు హుక్కులు.
మంత్రి పోయినా నవ్వేవాడు.
గుర్రం పోతే మెడలో టేపు తీసి
పక్కన పెట్టి కూర్చునేవాడు.
"ఎనక్కి జరిగితే ఓడినట్లు కాదుమ్మే ఈరమ్మా,
సూది ఎనక్కి పోకుండా కుట్టు నిలుస్తాదా?"

పోయి నాలుగేండ్లు.
బంకులో ఇప్పుడు ఫోన్లకు గాజుపలకలు అతికిస్తారు.

అంకెలు సరిచేసే ప్రోగ్రాం ఒకటుంది.
కాజాను కాజాతోనే నాలుగు లక్షల ఆటలు ఆడించి
నిన్న తెల్లారికి చెప్పింది:
గుర్రం మీది ఏడు తీసెయ్,
పదకొండు పాయింట్లు పెరుగుతావు.
దానికి ఎవరి మీదా కోపం లేదు.

మూడో ఆట. నలభై ఒకటో ఎత్తు.
గుర్రం ఎనక్కి వచ్చింది,
ఆట మొదట్లో నిలబడిన గడికే,
గోడకు ఆనించిన సైకిలు మాదిరి నిలబడింది.
నేనూ లేచి నిలబడినాను.
అవతలిది ఆరు నిమిషాలు ఆలోచించింది
(ఆలోచన అనకూడదు, తెలుసు).
నాకు గొంతెండిపోయింది.
గదిలో దాహం వేసే ప్రాణి నేనొక్కదాన్నే.

డెబ్బై రెండో ఎత్తుకు ఓడిపోయింది కాజా.

అయినా ఆ గుర్రం మనసులోంచి పోలేదు.
ఏడు తీసేసి, అదే ఘట్టం మళ్లీ ఇచ్చి చూసినాను.
అదే ఎత్తు. అదే గడి.
ఏడు వేసి ఇంకోసారి. అదే.
పిలిచింది హుసేనప్ప కాదు.
అక్కడ ఇంకో దారి లేదు, అంతే.

తెల్లారుతా ఉంది. యార్డు వైపు పత్తి లారీలు.
బడి చొక్కాలు కుట్టేటప్పుడు
పక్క కుట్టు లోపల రెండు వేళ్లంత గుడ్డ మడిచి వదిలేవాడు.
దండగ చేస్తివి కదప్పా అని తల్లులు కొట్లాడేవాళ్లు.
"పిల్లోడు పెరగడా?" అనేవాడు.
ఎన్నో చొక్కాలు ఆ మడత విప్పకుండానే
పొయ్యికాడ మసిగుడ్డలైపోయినాయి.
మడత లోపల మాత్రం రంగు
కొన్న రోజు మాదిరే ఉండేది.

నాలుగో ఆటకు పది నిమిషాలుంది.
తీసిన ఏడును మళ్లీ రాసినాను.
ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు పోసినాను.