ఎనిమిది గీతలు

రెండో షిఫ్టు దిగి ఎంత తానం చేసినా
కనురెప్పల అంచుకు బొగ్గు అట్లనే ఉంటది,
కాటుక పెట్టుకున్న మొగోని లెక్క.
సరోజన అన్నం మీద మూతపెట్టి పండుకున్నది.
గోదావరిఖనిల క్వార్టర్లన్నీ పండుకున్నయి.
నేను కంప్యూటర్ ముందర కూసొని
ఓదెలుకు పని చెప్తున్న.

ఓదెలంటే డాలు పట్టినోడు.
ఆటల వానికి వేరే పేరుండె, నోరు తిరగక మార్చిన.
మందిచ్చే ముసల్ది పోశవ్వ.
నిప్పు విసిరేటోడు మొగిలి.
తోడేలుకు పేరు పెట్టలే, పిలిస్తే రాదు.

ఒక్కొక్కరికి ఎనిమిది గీతలు.
ఒక్కో గీతల సగం ‘అయితే’, సగం ‘చెయ్యి’.
శత్రువు దగ్గరికొస్తే, డాలు ఎత్తు.
మనోన్ని ఎవడన్న కొడితే, వాణ్ని నీ మీదికి తిప్పుకో.
పైనున్న గీతే ముందు చదువుతరు,
అది కుదిరితే కిందివి సూడనే సూడరు,
మా ఆఫీసుల సెలవు చీటీల లెక్క.

గుహల రాతిభూతం ఉన్నది.
మొదటిసారి మొగిలి విసిరిన నిప్పుకు
భూతం కాలలే, ఓదెలు కాలిండు.
తప్పు మొగిలిది కాదు,
మనోళ్లు పక్కనుంటే ఆగమని నేను రాయలే.
గనిల షాట్ ఫైరర్ తల్కాయలు లెక్కబెట్టి
మూడుసార్లు కేకేస్తే గానీ మీట నొక్కడు.
ఆ కేక మొగిలికి రాసిన. ఒక గీత ఖర్చయింది.

రెండోసారి, తోడేలు కాలు గీసుకపోతే
పోశవ్వ ఉన్న పదకొండు సీసాలూ దానికే తాపింది.
భూతం వచ్చేసరికి ఉత్త చేతులు.
‘ప్రాణం సగమైతే’ కొట్టేసి
‘పావైతే’ అని దిద్దిన.

మూడోసారి పావు కోసం సూసుకుంట నిలబడ్డది.
నూటికి ఇరవై ఆరు కాడ ఓదెలు ఉన్నడు,
తర్వాతి దెబ్బకు లేడు.
ఇరవై ఆరుకూ ఇరవై అయిదుకూ నడుమ
మనిషి పోతడని
ముసల్దానికి ఎట్ల రాయాలె?

నాలుగోసారి అందరూ బతికిండ్రు.
నేను సచ్చిన.
సీసా చేతిల పట్టుకొని పోశవ్వ నా తల కాడనే ఉన్నది.

నీళ్లకు లేచిన సరోజన
నా భుజం మీదికెల్లి తెర దిక్కు సూసింది.
‘‘ఎవరెవరికి మందియ్యాల్నో రాసినవ్ గద,
అండ్ల నీ పేరేది?’’
ఎతికిన. ఓదెలు ఉన్నడు, మొగిలి ఉన్నడు,
తోడేలు సుత ఉన్నది.
‘‘మస్టర్ పడకుంటనే దిగినవన్నట్టు’’ అని
చెంబు అక్కడ పెట్టి పోయి పండుకున్నది.

పోశవ్వ గీతలు ఎనిమిదీ నిండినయి.
నాకు జాగ కావాల్నంటే
ఎవలిదో ఒకటి తుడవాలె.

నిజం ఓదెలు యాదికొచ్చిండు.
పోయిన ఎండకాలం మూడో సీముల
కప్పు కొట్టి సూసిన, గట్టిగనే పలికింది,
దిమ్మ నిలబెట్టబోతున్న.
వాడు కాలరు పట్టి ఎనకకు గుంజిండు.
నేనున్న జాగల మంచమంత బండ.
ఏం సూసి గుంజినవ్ రా అని అడిగితే
‘‘ఏమో, గుంజబుద్ధయింది’’ అన్నడు.
గంతే.
అండ్ల ‘అయితే’ లేదు.

తోడేలు గీత తుడిచి నా పేరు రాసిన.
భూతం దగ్గరికి మళ్ల పోలే.
రెండయింది. అన్నం సల్లగయింది.

మర్నాడు మస్టర్ కాడ ఓదెలు నా మొఖం సూసి
‘‘రాత్రి పండలేదా?’’
‘‘నీకే పని నేర్పిన, రెండు దాకా.’’
‘‘నేర్చుకున్ననా?’’
‘‘మూడుసార్లు సచ్చినవ్.’’
‘‘నాలుగోసారి?’’
‘‘నేను.’’

వాడు నవ్వలే.
నా ల్యాంపు వైరు మెలివడ్డది సూసి
సదిరిండు.