నాలుగుంపావుకి ఒక ఎక్కిలి

గుండీల కౌంటరు వెనక, మూడో అంతస్తులో
పదకొండేళ్ళు నించున్నాను.
టొలీడో ఊళ్ళో మంచు పడితే
సగం జనం హాల్బర్ట్ దుకాణానికే వచ్చేవాళ్ళు,
కొనడానికి కాదు, చేతులు వెచ్చబెట్టుకోడానికి.
తలుపు తోస్తే చాలు, ఇత్తడి పాలిష్ వాసన,
తడిసిన ఉన్నికోట్ల వాసన,
ఆపైన కప్పులోంచెక్కణ్ణించో
ఎవరూ వాయిస్తున్నట్టు లేని వయొలిన్లు.

పాటలే అవి. ఒకప్పుడు మాటలుండేవి వాటికి.
ఎవరో ఓపిగ్గా కూర్చుని
చేపలోంచి ముళ్ళు తీసినట్టు మాటలన్నీ ఏరేసి
మెత్తని ముక్క మాత్రం మాకు వడ్డించారు.
వినమని అడిగేవి కావు.
అడిగుంటే వినేవాళ్ళం కాదేమో కూడా.

లిఫ్టు నడిపే ఎల్‌వుడ్
అంతస్తుల పేర్లు ఆ శ్రుతిలోనే పలికేవాడు
తనకి తెలీకుండా:
"రెండు... బూట్లు, టోపీలు, పసిపిల్లల బట్టలు..."
గాజు ఫ్యాక్టరీ షిఫ్టు దిగొచ్చిన మగాళ్ళు
పెళ్ళాలకి రిబ్బను కొంటూ సిగ్గుపడితే
ఆ సిగ్గుని కప్పేంత సంగీతం ఉండేది,
అంతకి మించి కాదు.

ఓసారి నల్లకోటు వేసుకున్న ఒకావిడ
మగవాళ్ళ చొక్కా గుండీలు నాలుగే నాలుగు అడిగి,
చిల్లర లెక్కపెట్టి ఇచ్చి,
అక్కడే అరగంట నిలబడిపోయింది.
నేనేం మాట్లాడగలను?
వయొలిన్లే నిలబడ్డాయి ఆవిడ పక్కన,
ఎందుకని అడక్కుండా.

కింద నేలమాళిగలో, బాయిలరు పక్క గదిలో ఉండేది యంత్రం.
కంచాలంత చక్రాలు రెండు, ఒకటి నిండుతుంటే ఒకటి ఖాళీ.
డెబ్భై ఒకటి ఫిబ్రవరిలో టేపు తెగింది.
కాజిమీర్ దాన్ని అతికించాడు, నోట్లో టార్చిలైటు పెట్టుకుని.
అతుకు దగ్గర రెండు స్వరాలు ఎగిరిపోయాయి.
కొత్త టేపు పంపిస్తున్నామని కంపెనీవాళ్ళు ఉత్తరం రాశారు.
రాస్తూనే ఉన్నారు.

అప్పట్నించి రోజూ నాలుగుంపావుకి
వయొలిన్లకి ఎక్కిలి వచ్చేది.
కొనేవాళ్ళకి తెలిసేది కాదు.
గుడ్డలు కోసే రోజలిన్ కత్తెర ఆ క్షణం గాల్లో ఆగేది.
ఎల్‌వుడ్ ఆ ఖాళీలో బూటుకాలితో ఒక్కసారి తట్టేవాడు.
నేను గుండీల సొరుగు మూసేదాన్ని, టక్కున.
ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.
చూసుకుంటే నవ్వాగేది కాదు మరి.

దుకాణం మూసేసిన రోజు కాజిమీర్
ఆ టేపు టోపీపెట్టెలో పెట్టి తెచ్చాడు.
"ఇది ఇంకే మిషన్లోనూ తిరగదు, వెర్నా.
దీని నడక దానిదే."
ఇప్పుడక్కడ కార్లు నిలుపుతారు.
పెట్టె నా అల్మారాలో ఉంది, చలికోట్ల వెనక.

మొన్న మంగళవారం కళ్ళ డాక్టరు దగ్గర
కౌంటరు మీది పిల్ల ఏదో పాతది పెట్టింది.
టీవీ అరుపులతో తలనొప్పి వస్తోందట తనకి.
మూడో పాట మొదలవగానే
చేతిలో పత్రిక మూసేశాను.
అదే.
ఇంకాసేపట్లో ఆ చోటొస్తుంది.
గడియారం చూశాను, పొద్దున పదిన్నర. అయినా సరే.
ఊపిరి బిగబట్టాను.
వచ్చింది.
ఎక్కిలి లేదు. రెండు స్వరాలూ ఉన్నాయక్కడ,
ఊళ్ళో వాళ్ళందరికీ ఎప్పుడూ ఉన్నట్టే.
మెట్లు అయిపోయాయనుకుని కాలు వేస్తే
చీకట్లో ఇంకో రెండు మెట్లున్నట్టు
తూలాను, కుర్చీలో కూర్చునే.

"బాగుంది కదండీ? ఈ పాట పేరేంటో తెలుసా?"
అడిగింది పిల్ల.
తెలీదన్నాను. మాకెవరూ చెప్పలేదన్నాను.
తప్పు వాయించారని కూడా అనబోయి
ఊరుకున్నాను.
లోపల్నించి నా పేరు పిలిచారు, రెండోసారి కాబోలు.