తవుడు

ఎమ్మిగనూరు, ఆదోని రోడ్డు,
రైసుమిల్లులో కాటా పని నాది.
ముప్పై ఒక్క ఏండ్లు
వడ్లు, బియ్యం, నూకలు, ఊక, తవుడు.
సంచిని చూస్తే చాలు
కిలో అటూ ఇటూగా చెప్తాను.

మొన్న మంగళవారం, కరెంటు పోయి
మిల్లు మాట పడిపోయిన మధ్యాన్నం
ఒక పాప వచ్చింది.
బడిబట్టలు. ఒక జడకే రిబ్బను.
చేతిలో టిఫిను డబ్బా.

"అన్నా, పాత లెక్కల పుస్తకం ఉండాదా?"
ఏం లెక్క పాపా?
"తవుడిచ్చి నన్ను ఈడ కొనుక్కొనిరంట.
తొమ్మిదేండ్లయింది.
ఎన్ని సంచులిచ్చిరో చూసి చెప్పు."

నవ్వొచ్చింది. నవ్వినాను గూడా.
ఆ మాట ఎవురనరు?
అవ్వ అంటాది, మేనమామ అంటాడు,
బుగ్గ గిల్లి అంటే అది ముద్దే.

పాప నవ్వలేదు.

"మా యమ్మ దినామూ అంటాది.
పాలు పొంగిపోతే అంటాది,
లెక్కల్లో పదకొండొస్తే అంటాది,
నాయన ఫోను ఎత్తకపోతే గూడా నన్నే అంటాది.
తవుడు దండగ,
ఎనుముకు పెట్టింటే పూటకు రెండు లీటర్లిచ్చుండు, అని."

కొడతాదా?

"లేదు. మా యమ్మ మంచిది.
ఒక్క దెబ్బ గూడా ఎయ్యదు.
పలకదు, అంతే.
శనివారం నుంచి పలకలే.
పిలిస్తే గోడ దిక్కు చూస్తాది,
నేను గోడలోంచి పిలిచినట్టు."

అడగకుండానే కాటా ఎక్కి నిలబడింది.
అలవాటు కొద్దీ నా నోరు చదివేసింది:
ఇరవై రెండు కిలోల మూడొందలు.

"అప్పుడు చిన్నదాన్ని గదా,
ఇప్పుడు ఎక్కువే వస్తాది తవుడు.
అంతా మా యమ్మకే ఇచ్చేయండి.
నేనీడే ఉంటా. కసువు కొడతా,
చాట పట్టేకి గూడా వస్తాది నాకు."

డబ్బాలో ఏముంది?
"చిత్రాన్నం. తినలే.
అది ఆమెది, అది గూడా వాపసు."

అబద్ధం పాపా అది, అన్నాను.
మనుషుల్ని ఎవురూ కొనరు.
నువ్వు మీ యమ్మ కడుపులోనే పుట్టినావు.

అంతసేపూ ఏడవంది అప్పుడేడ్చింది.
"అయితే వాపసు పొయ్యేకి
నాకు చోటే లేదా?"

పేరు సుంకేశ్వరి. ఇంటికి తోలుకొనిపోతిని.
వాళ్లమ్మ రాట్నం కాడ కండెలు చుడతా ఉన్నింది.
బిడ్డను చూసి లేచింది, దారం తెగింది,
చేతులు వణికినాయి, చూసినాను.
నోరు మాత్రం అదే మాట అనింది.

నాలుగు మాటలు గట్టిగా అడగాలనే పోయింటి.
ఏ నోటితో అడగాల?

నా కొడుకు ఉరుకుందు.
పదో తరగతి తప్పిన దినం
ఇదే కాటా మీద నిలబెట్టి
హమాలీలందరి ముందర గట్టిగా చదివినాను:
నలభై ఆరు కిలోలు. అంతా ఊకే.
అందరూ నవ్విరి. వాడూ నవ్వె.
వాడూ నవ్వె గదా, అనుకుంటి
పదిహేడేండ్లు.

ఇప్పుడు గుంతకల్లులో ఉంటాడు.
సొంతింట్లోకి గూడా దగ్గి పోతాడు.
ఎవురన్నా గొంతు పెంచితే
చేతిలో గ్లాసు మెల్లగా కింద పెడతాడు.
పెండ్లి ఫొటోలో అంచున నిలబడినాడు,
పెండ్లి వానిదే.

ఆ రాత్రి ఫోను చేస్తిని.
పండగ గాదు, సావు గాదు, దుడ్లు గాదు.
ఉరుకుందూ, అన్నాను.
ఇంగ మాట రాలే.
గొంతులో పొట్టు అడ్డంపడినట్టు.

ఆ పక్క ఫ్యాను తిరుగుతాంది.
కుర్చీ జరిపిన సప్పుడు,
వాడు లేచి నిలబడినట్టుంది.

"నేనేం తప్పు చేసినా, నాయనా?"