మూడో బొత్తాం

వాల్బీ స్టూడియోకి పైకప్పంతా అద్దమే.
ఎండ కాస్తే పని, మబ్బేస్తే కాఫీ.
నేను బట్టల గదిలో,
నోటి నిండా గుండుసూదులు.
మాటతో పని లేని సినిమాకి సరిగ్గా సరిపోయానని
లౌరిట్స్ నవ్వేవాడు.

చేరిన రోజే చెప్పారు:
ఫిల్ముకి ఎరుపు తెలియదు, నల్లగా చూస్తుంది.
నీలం దానికి తెలుపు.
మీరంతా కళ్లు తుడుచుకున్న ఆ విధవరాలి నల్లగౌను
నా ఒళ్లో ఉన్నప్పుడు చెర్రీపండు ఎరుపు.
చంటిపిల్ల తెల్ల రిబ్బను
మా నాన్న రేవులో తొడుక్కునే నీలం చొక్కా,
మోచేతి దగ్గర చింపింది.

హంతకుడికి ఏ గుర్తు పెట్టాలని రెండు రోజుల రభస.
కుంటి నడక అన్నారు, అరిగిపోయింది.
చెంప మీద గాటు పెడితే
దీపాల వేడికి మధ్యాహ్నానికల్లా గడ్డందాకా జారింది.
లౌరిట్స్ నా చేతిలో కత్తెర లాక్కున్నాడు.
ముదురు కోటు, అయిదు నీలం బొత్తాలు.
మూడోది టక్కున తెగి బల్లకింద పడింది.
తెర మీద ఆ తెల్లని వరస
పన్నూడిన నవ్వులా ఉంది.
"చాలు, ఇక వీడు నోరు తెరవక్కర్లేదు."

ఏనార్ ఉత్త భయస్తుడు.
నాలుగో వారం, వేషం విప్పకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.
"థీరా, చలంతా ఇందులోంచే వస్తోంది.
కుట్టి పెడతావా?"
కుట్టాను. ఎందుకు కుట్టానో అడక్కండి.
దారం పళ్లతో తెంపుతుంటే
వాడి గుండె చప్పుడు నా నుదుటికి తెలిసింది.

మర్నాడు రెండొందల అడుగుల ఫిల్ము తగలబడ్డట్టే.
అదే కత్తి, అదే చూపు, అవే చీకటి మెట్లు.
అయినా అప్పడగడానికొచ్చిన బావమరిదిలా ఉన్నాడు!
"ఎవడు వీడు?" అని లౌరిట్స్ గోడ అదిరేలా అరిచాడు.
ఈసారి కత్తెర నేనే పట్టాను.
ఏనార్ కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు,
కోటు కొలతలకి నిలబడ్డట్టే.

రేవు దగ్గర హాల్లో చూశాను ఆ బొమ్మ.
ముఖం కన్నా ముందు ఖాళీ వచ్చేది మంచులోంచి.
వెనక ఎవరో ముసలమ్మ లేచి
"బొత్తాం చూడవే పిల్లా, బొత్తాం!" అని కేక.
తెర మీది పిల్ల దీపం వత్తి సరిచేసుకుంటూనే ఉంది.
హాలు మొత్తానికి తెలిసిన సంగతి
ఆమె ఒక్కతికే తెలియదు.

మార్చిలో ట్రాములో కనబడ్డాడు ఏనార్.
సొంత కోటు, బూడిద రంగుది.
ఎదుటి సీట్లో కుర్రాడు పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు:
ఒకటి, రెండు...
అన్నీ ఉన్నాయి.
అయినా ఏనార్ చెయ్యి మూడోదాని మీదే ఉంది,
దిగేదాకా.

సిగ్గుపడే చెబుతున్నాను,
నేనూ లెక్కపెట్టాను.