ఎడమ చేతి అంగ

మొదటి దినమే ఐరిస్ మేడం నా చేతులు తిప్పి చూసింది.
పానా పట్టి పట్టి కాయలు కాసిన చేతులు.
"బొటనవేలి నుంచి చిటికెనవేలికి జానెడే ఉంది, వన్నూరు.
ఈ వాయింపుకు జానా బెత్తెడు కావాల."
మళ్లా తనే నవ్వి,
"పోనీలే. చాలని చోట అంగ వేద్దాం, మ్యాన్" అంది.

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
క్యారంబోర్డుల వెనకాల
గోనెపట్ట కప్పుకొని ఒక ముసలి పియానో.
నాలుగు కాళ్ల కింద నాలుగు గిన్నెల్లో కిరసనాయిలు.
ఎండాకాలం దాని తంతులు సడలి
స్వరాలు గొంతు జీరబోయినట్ల పలుకుతాయి.
అడుగున ఫా మెట్టు అయితే పూర్తిగా మూగది.
నొక్కితే కట్టె చప్పుడే.

స్ట్రైడ్ అంటే ఇంతే:
ఎడమ చెయ్యి అడుగుకు దిగి ఒక మోత మోగించాల,
ఎగిరొచ్చి నడుమ గుప్పెడు స్వరాలు పట్టుకోవాల,
మళ్లా అడుక్కు, మళ్లా నడుముకు.
దుం-చక, దుం-చక.
కుడి చేతిదేముంది, షోకు.
ఆలస్యంగా వస్తుంది, ముందే లేచిపోతుంది,
అడిగేవాళ్లు లేరు.
మోసేదంతా ఎడమదే.

మా జేజినాయన దూది ఏకినోడు.
విల్లు తంతి మీద కొడితే దుం,
గాల్లోకి లేచిన దూది చక.
ఆ మాట చెప్తే మేడం చానాసేపు మాట్లాడలేదు.
"ఆయన చెయ్యి ఎగిరేటప్పుడు చూసేదా?" అని మాత్రం అడిగింది.

నేను కీమాన్‌ను.
తెల్లారకముందే తిమ్మనచెర్ల దిక్కు ఆరు కిలోమీటర్లు పోను, ఆరు రాను.
భుజాన సుత్తె, సంచిలో ఎర్రజెండా.
ప్రతి కీ తట్టి చూస్తా, వదులైంటే బిగిస్తా.
"ఇవీ కీలే" అంటుంది మేడం నా మణికట్టు ఊపి,
"కానీ ఇక్కడ వదులు చెయ్యాల."

స్లీపర్ల మీద నడిచినోనికే తెలుసు,
ఒకదానికి ఒక అడుగంటే పొట్టి,
రెంటికి ఒకటంటే పొడుగు.
ఏ మనిషి కాలికీ కుదరకుండా కొలిచి పరిచినారు.
ఇరవై రెండేండ్లు పట్టింది నా కాళ్లను ఒప్పించేకి.
ఇప్పుడు ఈ చెయ్యి.

మూడు నెలలు ఎడమచెయ్యి ఒకటే.
దిగితే పక్క మెట్టు, ఎగిరితే పై మెట్టు.
ఆమె తిట్టదు. విసనకర్రతో మూత మీద ఒక దెబ్బ.
"మళ్లా."
ఇంట్లో మంచం పట్టె మీద,
సంగటి తట్ట అంచు మీద.
"ఎవర్ని కొడతాండావప్పా నిద్దట్లో?" అని కుళ్లాయమ్మ
ఒక రాత్రి దిండు తీసుకొని అవతలికి పోయింది.

మూగ ఫా కాడ నేను దిగకుండా దాటేసేవాణ్ని.
ఎట్లా పలకదు గదా.
మేడం పట్టేసింది.
"పలక్కపోయినా దిగు.
దిగకపోతే నడుముకు ఎంత దూరమో చెయ్యికి తెలీదు."

వానలు రాని జూన్‌లో ఒక సాయంత్రం
నా చేతుల మీద పాత పేపరు పరిచింది.
వంక బ్రిడ్జి గుర్తొచ్చింది.
స్లీపర్ల సందుల్లో ఎక్కడో కింద రాళ్లు కనపడతాయి.
చూసినోని కాలు వణుకుతుంది.
చూడని కాలు ఆవలి గట్టు చేరుతుంది.
పేపరు కింద చెయ్యి దుంకింది,
ఎక్కడ పడిందో నాకు తెలీదు,
సరిగ్గా పడిందని చెవి చెప్పింది.
ఒకటి. ఇంకొకటి. పదహారు.
పదిహేడోది తప్పింది.

క్యారం పిల్లలు తల తిప్పలేదు.
కానీ ఒకని కాలు, చెప్పుల్లేని కాలు,
బల్ల కింద దుం-చక అంటాంది.
వాని స్ట్రైకరు కాయను తాకకుండానే పాకెట్‌లో పడింది.
"ఏయ్, ఆపన్నా ఆ గోల!" అన్నాడు వాడు.
మేడం మొదటిసారి పళ్లు కనపడేట్ల నవ్వింది.

మరుసటి పొద్దున నాలుగో కిలోమీటరు రాయి కాడ
సుత్తె తగిలి ఒక కీ వదులుగా పలికింది.
వంగినా.
బిగించే ముందు ఇంకోసారి తట్టి విన్నా.
ఫా.
అదే, అడుగుది.
చుట్టూ ఎవురూ లేరు, కంపచెట్లు తప్ప.
మూడోసారి కూడా తట్టినా.
ఇంగ బిగించినా.
ఉద్యోగం గదా.