ఇరవై నిమిషాలు

సొహార్‌లో జూలై అంటే
తెల్లారకముందే గోడలకు చెమట.
రాత్రి డ్యూటీ అయ్యి, స్మెల్టర్ బస్సు దిగి,
బూట్లలో కొలిమి వేడి ఇంకా ఆరకుండానే
పెరట్లోకి వస్తాను.

పెరడంటే పెద్దమాటే.
నాలుగు మంచాలేస్తే నిండే ఇసుక నేల,
ఏసీ పైపు కింద నీలం బకెట్టు,
ఆ చుక్కల మీదే బతికే రెండు వంగమొక్కలు,
కిటికీ ఊచలు పట్టుకుని ఎక్కిన బీరతీగ,
పెయింటు డబ్బాలో హైమ కరివేపాకు.

కెమెరా జెరిక్‌ది.
మనీలా వెళ్ళిపోతూ ముప్పై రియాళ్ళకిచ్చాడు.
"పెళ్ళిళ్ళ జోలికి పోకు, తల తినేస్తారు.
కదలనివి తీసుకో" అన్నాడు.
కదలనివి ఏవీ లేవని తర్వాత తెలిసింది.
బీరపువ్వు కూడా నేను బస్సెక్కే వేళ చూసి విచ్చుకుంటుంది.

మొదటి పాఠం గాజు చెప్పింది.
చల్లగదిలోంచి బయటికి తేగానే
కెమెరా కంటికి శుక్లం కమ్ముతుంది.
తుడిస్తే మళ్ళీ. తుడిస్తే మళ్ళీ.
ఇరవై నిమిషాలు ఒళ్ళో పెట్టుకుని
ఊరికే కూర్చోవాలి.
నలభై రెండేళ్ళు వచ్చాయి,
ఊరికే కూర్చోమని నాతో ఎవరూ అనలేదు.

అలా కూర్చున్నప్పుడే కనిపించాయి
గోడ మీది బుల్‌బుల్ తెల్ల చెంపలు,
వంకాయ తొడిమకు ముళ్ళుంటాయని
తెలిసీ ఎప్పుడూ చూడని ముళ్ళు,
బకెట్టు అంచున తేనెటీగ
నీళ్ళు తాగుతూ తోక ఆడించడం.
వీటిలో సగానికి ఫొటో లేదు.
గాజు ఇంకా ఆరలేదు మరి.

జూన్ చివర్లో కరివేపాకు మీద పిట్టరెట్ట.
గోటితో గీకబోతే
నడిచింది.
వారానికి పచ్చబడి, వేలంత లావై,
ఆకుని ఈనె దాకా నమిలేసింది.
హైమ చీపురుపుల్ల తెచ్చింది.
"ఈ మొక్క కోసం ఉమ్ సాలిమ్ గుమ్మం ముందు
ఎన్నిసార్లు నిలబడ్డానో తెలుసా?
చారులోకి నాలుగు రెబ్బలు లేవు,
దీనికి పెళ్ళిభోజనమా?"
"ఒక్క ఫొటో తీసుకోనీ."
"తీశాక?"
"ఇంకోటి."
పుల్ల దించింది. మూతి మాత్రం విప్పలేదు.
ఆ వారమంతా మా చారు
ఇంగువతోనే సరిపెట్టుకుంది.

తర్వాత అది కొమ్మకి నడుము కట్టుకుని
ఒక్క దారం మీద వెనక్కి వాలింది,
మా పొగగొట్టానికి రంగులేసేవాళ్ళు
బెల్టు మీద భారమేసి వాలినట్టు.
తినదు, కదలదు.
రోజుకో ఫొటో. అన్నీ ఒకేలా.
నేను పగలు నిద్రపోతుంటే
ఇంకెవరో వచ్చి చూసి వెళ్తున్నారని
డబ్బా చుట్టూ ఇసుకలో
మెట్టె ముద్రతో సహా అడుగులు చెప్పాయి.
నేను అడగలేదు.

ఆ శుక్రవారం సెలవు.
పద్దెనిమిది డిగ్రీల చలిలో దుప్పటి కప్పుకున్నాను.
భుజం కుదిపింది.
"లే. పగులుతోంది."

పరిగెత్తాను. గాజు తెల్లబడిపోయింది.
లుంగీ అంచుతో తుడిచాను, ఆమె చున్నీతో తుడిచాను,
నోటితో ఊదాను, అదింకా పెద్ద తప్పు.
అటు కొమ్మ మీద
నలిగిన చుట్టకాగితంలాంటి రెక్కలు
నెమ్మదిగా, ఇస్త్రీ అవుతున్నట్టు సాగుతున్నాయి.
అదీ ఆరాలి, నేనూ ఆరాలి.
హైమ ఊపిరి నా చెవి పక్కనే ఆగి ఉంది.

నాకంటే కొంచెం ముందు అదే ఆరింది.

నొక్కాను, నొక్కానంతే.
తెల్లటి మంచు. మధ్యలో పసుపు మరక.
మూలన "అదిగో" అంటున్న వేలు,
గోరుకి పసుపో, కారమో.
కార్డులో మీసాలు లెక్కపెట్టేంత స్పష్టమైనవి
మూడు వందలు పైనే ఉన్నాయి.
జెరిక్‌కి మాత్రం ఇది పంపాను.
"లెన్స్ పాడైందా?" అని అడిగాడు.

నిన్న డ్యూటీ నుంచి వచ్చి చూస్తే
పడగ్గదిలో కెమెరా లేదు.
బీరువా వెతికాను, బ్యాగు వెతికాను.
ఏసీ లేని వంటింట్లో
కిటికీ దగ్గర, ఇంగువ డబ్బా పక్కన ఉంది,
ఒళ్ళు వెచ్చగా.

అక్కడ నేను పెట్టలేదు.