తడి లెక్క

విజిల్ పడ్డాక నాకు పదిహేను సెకన్లు.
మాపు కర్ర అడ్డంగా పట్టుకుని పరిగెత్తాలి,
కెమెరాకు అడ్డం పడకూడదు,
ఎవరి చెమటో అడక్కూడదు.
పెరియమేట్ ఇండోర్ స్టేడియంలో
ఈ సీజనంతా నా పని ఇదే.

అడక్కూడదు గానీ, తెలిసిపోతుంది.

రొమెల్ దిమాయుగా వచ్చిన రోజు
గ్యాలరీ ఉసూరుమంది.
"విమానం టికెట్టు పెట్టి తెచ్చింది ఈ పొట్టోణ్ణా?"
ఫిలిప్పీన్స్ అట. వాళ్ళ దేశం బనీను తొడుక్కుని
పదకొండు దేశాల్లో ఆడాడట.
మా ఆయన కంటే నాలుగు వేళ్ళు పొడుగు, అంతే.
ఇక్కడ మాత్రం మ్యాచికి ఆరు నిమిషాలు.
ఒకనాడు నాలుగు.
మిగతా సేపంతా మెడ మీద తువ్వాలుతో
బెంచీ చివర,
పెళ్ళిపంక్తిలో వడ్డన మరిచిపోయిన విస్తరి ముందు
కూర్చున్నట్టు.

ఇంకా ఆడించాలా, వద్దా అని
టీ కాడ సెక్యూరిటీ వాళ్ళు, టికెట్ల వాళ్ళు
రోజూ కొట్టుకుంటారు.
నన్నెవరూ అడగలేదు. చెబుతున్నా.

నిమిషాలు ఊరికే పుట్టవు.
ఐదుగురు, నలభై నిమిషాలు: రెండొందలు.
పుళియంతోపులో మా సందుకు
నీళ్ళ లారీ వచ్చినా ఇంతే,
రెండొందల బిందెలయ్యాక పైపు చుట్టేస్తాడు.
నాకు ఇంకో బిందె కావాలంటే
ఇంకొకరు ఖాళీది బోర్లించుకుని ఇంటికి పోవాల్సిందే.
ఇక్కడ ఆ బిందె ఇళంగోది.
వ్యాసర్‌పాడి కుర్రాడు. వాళ్ళమ్మా నేనూ
ఒకే కాంట్రాక్టరు కింద రోడ్లు ఊడ్చాం.
వాడు ముప్పై రెండు నిమిషాలు ఆడతాడు.
వాళ్ళ ఇంటికి ఇనుప తలుపు వచ్చింది ఆ జీతంతోనే.
అందుకే ఈ మాట చెప్పబోతే
నాలుక వెనక్కి లాగుతుంది.

కానీ నేల అబద్ధం ఆడదు.
ఇళంగో ఆడేటప్పుడు తడంతా నడిమధ్యనే,
చాపంత వెడల్పున, వాడొక్కడి చుట్టూ.
రొమెల్ దిగితే
నేను మూలలకు పరిగెత్తాలి.
ఎడమ మూల, కుడి మూల, గీత అంచు.
అంతదాకా బంతి వెళ్ళింది,
అక్కడ నిలబడ్డవాడికీ చెమట పట్టింది.
అప్పటిదాకా ఆ మూలల్లో
పొద్దున నేను కొట్టిన ఫినాయిల్ వాసనే.

స్కోరు బల్ల మీది కాగితంలో
ఈ గడి లేదు.
నా పన్నెండు గంటల్ని ఎనిమిదని రాసే
రిజిస్టరు నాకుంది కదా,
కాగితానికీ ఒంటికీ కుదరకపోవడం
నాకేం కొత్త?

అలాగని అతనిలో లోపం లేదనను.
ఎడమ మోకాలు చెడింది.
అటు తిరిగితే బూటు కీచుమనదు, జారుతుంది.
ఎదుటి కుర్రాడు గాలిలా దాటిపోతాడు.
పడితే లేవడానికి టైము పడుతుంది,
మనిషి ఆకారమంత తడి వదిలి లేస్తాడు.
కురియన్ సారు తల పట్టుకునేది అప్పుడే.
ఆ కోచ్‌నీ తప్పు పట్టలేను.

నిన్న పన్నెండు పాయింట్లు వెనకబడ్డాం.
రెండు నిమిషాలు మిగిలాయి.
ఓటమి ఖాయమయ్యాక ఇచ్చే నిమిషాలు,
గిన్నె అడుగున మాడినవి.
రొమెల్ తువ్వాలు తీశాడు.
విసరలేదు, మడిచి పెట్టాడు.
దిగాడు.
ఒక్కసారీ బుట్ట వైపు వేయలేదు.
తల తిప్పకుండానే బంతిని కుడి మూలకు పంపాడు.
అక్కడ ఇళంగో.
ఈ సీజన్లో వాడు మూలన నిలబడటం అదే మొదలు.
ఒక్కడే, చుట్టూ ఎవరూ లేకుండా.
వేశాడు. ఇనుప చట్రం టంగుమంది.

గ్యాలరీ నవ్వింది.
"నే చెప్పలా?" అన్నాడు టికెట్ల ధనశేఖర్,
రొమెల్ వైపు వేలు చూపించి.

విజిల్.
పదిహేను సెకన్లు.
మాపు పట్టుకుని కుడి మూలకు పరిగెత్తాను.
ఇళంగో ఇంకా అక్కడే,
తన అరచేతులు చూసుకుంటూ.
"జరుగు నాయనా," అన్నాను,
"తడిగా ఉంది."